ఎద నుంచి ఈత దాకా: పాడి పశువు సకాలంలో చూడి కట్టడానికి ఏ రోజు ఏం చేయాలి

"మూడుసార్లు సూది వేయించాం. అయినా కట్టలేదు. ఏం చేయమంటారు?"

పాడి రైతులు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. సూది అంటే ఇక్కడ కృత్రిమ గర్భధారణకు వీర్యం ఎక్కించడం, కట్టడం అంటే చూడి నిలవడం. నేను తిరిగి అడిగేది కూడా ఒకటే: ఏ పూట ఎదకొచ్చింది, ఏ పూట సూది పడింది? "మొన్న... కాదు, అటు మొన్న అనుకుంటా" అంటారు. చిక్కంతా అక్కడే ఉంది. మందులు మార్చేలోపు ముందు ఆ జవాబు సరిచేసుకోవాలి.

ఒక ఎద చేజారితే 21 రోజులు పోయినట్టే. మేపుకు రోజుకు 150 రూపాయలు లెక్కేసుకున్నా మూడు వేలు దాటింది. రెండు ఎదలు పోతే ఒక ఈత నెలన్నర వెనక్కి జరుగుతుంది.

రెండు నుంచి పది పశువులున్న ఇళ్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. జెర్సీ, హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర ఆవులు, దేశీ ఆవులు, గ్రేడెడ్ ముర్రా (ముర్రా జాతితో మెరుగుపరిచిన) గేదెలు అన్నింటికీ పనికొస్తుంది. గేదెలకు తేడా ఉన్నచోట విడిగా చెప్తాను.

## 1. ముందు ఈ లెక్కలు నోటికి రావాలి

- ఎద చక్రం సగటున 21 రోజులు. 18 నుంచి 24 రోజుల మధ్య ఎప్పుడొచ్చినా మామూలే.
- ఎద నిలిచి ఉండేది సంకర జాతి ఆవులో 12 నుంచి 18 గంటలు, గేదెలో 12 నుంచి 24 గంటలు. దేశీ ఆవుల్లో ఇంకా తక్కువసేపే ఉండొచ్చు.
- అండం విడుదలయ్యేది ఎద లక్షణాలు తగ్గాక సుమారు 10 నుంచి 12 గంటలకు.
- విడుదలైన అండం 8 నుంచి 12 గంటలు మాత్రమే పనికొస్తుంది. స్ట్రా (గడ్డకట్టించిన వీర్యం నింపిన సన్నని గొట్టం) లోని వీర్యకణాలు గర్భాశయంలో ఒక రోజుకు మించి నిలవవు.
- చూడి కాలం ఆవుకు 280 రోజులు, ఒంగోలు లాంటి దేశీ ఆవులకు ఇంకో అయిదు నుంచి పది రోజులు ఎక్కువ, గేదెకు 310 రోజులు.

ఆవు ఈనిన 85 రోజుల లోపు మళ్లీ కడితే 85, 280 కలిపి సరిగ్గా 365. ఏడాదికో దూడ అనే మాట ఈ లెక్కలోంచే వచ్చింది. గేదెకు అదే 85 రోజులు వేసుకుంటే 395, అంటే 13 నెలలు. గేదెను కూడా 12 నెలలకే ఈనించాలని పట్టుబట్టకండి.

పశువు లోపల జరిగేది కూడా కాస్త తెలియాలి. అండం విడిపోయిన చోట అండాశయం మీద చిన్న గడ్డలాంటిది ఏర్పడుతుంది. అది ప్రొజెస్టిరాన్ హార్మోన్‌ను విడుదల చేస్తుంది. ఆ గడ్డ ఉన్నన్నాళ్లూ మళ్లీ ఎద రాదు. చూడి కట్టకపోతే 16, 17 రోజులకు గర్భాశయమే ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థాన్ని పంపి దాన్ని కరిగిస్తుంది. ఆ తర్వాత మూడు, నాలుగు రోజుల్లో కొత్త ఎద వస్తుంది. చూడి కడితే గడ్డ అలాగే ఉండి పిండాన్ని కాపాడుతుంది.

ఇది గుర్తుంటే, "ఎద తెప్పించే ఇంజెక్షన్" చూడి పశువుకు పడితే ఎందుకు ఈసుకుపోతుందో (గర్భం పోతుందో) కూడా అర్థమవుతుంది. ఆ ఇంజెక్షన్ చేసే పని ఆ గడ్డను కరిగించడమే.

## 2. మొదట పుస్తకం మొదలుపెట్టండి

పది రూపాయల నోటుబుక్కు చాలు. పశువుకు ఒక పేజీ. చెవి పోగు (ట్యాగు) మీద ఉండే 12 అంకెల నంబరు పైన రాసుకోండి, కింద ఈ గళ్లు గీయండి:

- ఈనిన తేదీ, మాయ పడిన సమయం
- ఎద కనిపించిన తేదీ, పూట, చూసిన లక్షణం
- సూది వేసిన తేదీ, గంట, స్ట్రా మీద ఉన్న ఆబోతు నంబరు
- 21వ రోజు తేదీ (ముందే రాసిపెట్టాలి)
- చూడి పరీక్ష తేదీ, ఫలితం
- ఈనాల్సిన తేదీ, వట్టిపోనివ్వాల్సిన (పాలు తీయడం ఆపాల్సిన) తేదీ

ఈనాల్సిన తేదీకి సులువు లెక్క ఉంది. ఆవుకు సూది తేదీకి 9 నెలల 7 రోజులు కలపండి, గేదెకు 10 నెలల 6 రోజులు. జనవరి 10న వేయిస్తే ఆవు అక్టోబరు 17 ప్రాంతంలో, గేదె నవంబరు 16 ప్రాంతంలో ఈనుతుంది.

కట్టకపోయినా ప్రతి ఎదనూ రాయాలి. ఈనిన 35వ రోజు ఎద చూసి వదిలేశారనుకోండి. రాసి ఉంటే 56వ రోజు చుట్టుపక్కల మళ్లీ చూడాలని పుస్తకమే చెప్తుంది. లేకపోతే మళ్లీ అదృష్టం మీద ఆధారపడాలి.

## 3. పెయ్యకు మొదటి సూది ఎప్పుడు

వయసుతో పాటు బరువు కూడా చూడాలి. పెద్దయ్యాక ఎంత బరువుంటుందో అందులో 60 శాతం దాటాకే వేయించండి. సంకర జాతి పెయ్య బాగా మేపితే 15 నుంచి 18 నెలలకు 250 కిలోల దగ్గరికి వస్తుంది. ముర్రా పడ్డకు (గేదె పెయ్యకు) రెండేళ్లు దాటొచ్చు, బరువు 300 కిలోల దగ్గర ఉండాలి.

తూకం లేకపోయినా టేపు చాలు. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం కొస నుంచి పిరుదు ఎముక దాకా పొడవు అంగుళాల్లో కొలవండి. చుట్టుకొలతను చుట్టుకొలతతో హెచ్చవేసి, దాన్ని పొడవుతో హెచ్చవేసి, 660తో భాగించండి. చుట్టు 60, పొడవు 48 అయితే 262 కిలోలు వస్తుంది. ఆ పెయ్యకు వేయించొచ్చు.

తొందరపడి చిన్న పెయ్యను కట్టిస్తే ఈతలో కష్టమవుతుంది, తొలి ఈత పాలూ తగ్గుతాయి.

ఇంకో మాట. కోడెదూడతో కవలగా పుట్టిన ఆవు పెయ్య నూటికి తొంభైకి పైగా గొడ్డుగానే మిగులుతుంది. మూడేళ్లు మేపి తెలుసుకునే బదులు, ముందే పశువైద్యుడితో పరీక్ష చేయించి నిర్ణయం తీసుకోండి.

## 4. ఎద పట్టుకోవడం

ఈ మొత్తం పనిలో నూటికి డెబ్బై పాళ్లు ఇదేనని నా నమ్మకం. అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

ఎప్పుడు చూడాలి. తెల్లవారుజామున నాలుగున్నర, అయిదు మధ్య ఒకసారి. సాయంత్రం పాలు తీశాక ఒకసారి. రాత్రి పడుకునే ముందు టార్చితో ఒకసారి. ప్రతిసారీ 20 నిమిషాలు. ఎండాకాలంలో రాత్రి, తెల్లవారుజాము చూపులే కీలకం. పాలు తీస్తూనో, పేడ ఎత్తుతూనో ఓరకంటితో చూసింది లెక్కలోకి రాదు. ఆ 20 నిమిషాలు చూడటమే పని.

ఆవులో క్రమం. మొదటి ఆరు నుంచి పది గంటలు నిలకడగా ఉండదు. అరుస్తుంది, పక్కదాని మానం (యోని ద్వారం) వాసన చూస్తుంది, మిగతావాటి మీదికి ఎక్కుతుంది. కానీ తన మీదికి ఇంకోటి ఎక్కబోతే పక్కకు తప్పుకుంటుంది. ఇది ఇంకా అసలు ఎద కాదు.

తర్వాత వేరే పశువు ఎక్కినా కదలకుండా నిలబడుతుంది. అసలు ఎద ఇదే. పుస్తకంలో రాయాల్సిన గంట కూడా ఇదే. మానం ఉబ్బుతుంది, లోపలి పొర ఎర్రగా తడిగా ఉంటుంది. కోడిగుడ్డు తెల్లసొనలా తేటగా, తెగకుండా జిగురు తీగ వేలాడుతుంది. మేత తగ్గుతుంది, పాలు ఆ పూట అర లీటరో లీటరో పడిపోతాయి.

ఒంటి పశువున్న ఇంట్లో మీదికెక్కే తోడు ఉండదు కదా. అప్పుడు నడుము మీద, తోక మొదట్లో అరచేయి గట్టిగా నొక్కి చూడండి. ఎదలో ఉన్న ఆవు నడుము కాస్త వంచి, తోక పక్కకు తిప్పి నిలబడుతుంది.

గేదెలో వేరు. గేదెలు ఒకదాని మీద ఒకటి ఎక్కడం చాలా అరుదు. తీగ కూడా ఆవులోలా గాల్లో వేలాడదు, లోపలే నిలిచి పడుకున్నప్పుడు జారుతుంది. అందుకే నిలబడ్డ గేదెను ఎంతసేపు చూసినా ఏమీ కనపడకపోవచ్చు.

మా కొట్టంలో ఒక ముర్రా గేదె రెండు నెలలు ఎదకే రాలేదని అనుకున్నాం. ఒక తెల్లవారుజామున దాన్ని లేపి, అది పడుకున్న చోట టార్చి వేసి చూశాను. గచ్చు మీద అరచేతి వెడల్పున తేటగా మెరుస్తూ జిగురు. తోక కింది వెంట్రుకలు నాలుగైదు అతుక్కుని ఎండి కడ్డీల్లా ఉన్నాయి. ముందు రోజు సాయంత్రం ఆ గేదె సరిగ్గా చేపలేదు, అంటే పొదుగులోకి పాలు దించలేదు. దూడ ఆకలితో పొడుస్తోందని అనుకున్నామే కానీ ఎద అనుకోలేదు. అంతకుముందు ఎదలు కూడా అలాగే మా కళ్ల ముందు నుంచే వెళ్లిపోయాయని అప్పుడు అర్థమైంది. ఇలాంటిదాన్నే మూగ ఎద అంటారు.

గేదెకు చూసుకోవాల్సినవి:

- లేపగానే పడుకున్న చోట జిగురు ఉందా?
- తోకకు, పిరుదులకు ఎండిన జిగురు అంటిందా?
- మాటిమాటికీ కొద్దికొద్దిగా మూత్రం పోస్తోందా?
- పాలు ఎగచేపుతోందా? మామూలుగా చేపే సమయానికి చేపడం లేదా?
- తోక ఎత్తి పట్టుకుంటోందా? రాత్రిపూట అరుస్తోందా?
- మానం ముడతలు విడిపోయి నున్నగా ఉబ్బిందా?

రెండు మూడు కలిసి కనిపిస్తే ఎద అనుకుని పరీక్ష చేయించండి. గేదెలు ఎక్కువగా సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య బాగా ఎదకొస్తాయి. వేసవిలో వచ్చేవాటిని పట్టుకోవాలంటే రెండు పూటలా ఒళ్లు తడపడం, నీడ, చెరువు లేదా నీటి తొట్టి తప్పనిసరి.

నెత్తురు జీర చూసి మోసపోకండి. ఎద ముగిసిన ఒకటి నుంచి మూడు రోజుల్లో కొన్ని ఆవులకు, ముఖ్యంగా పెయ్యలకు, మానం నుంచి కొద్దిగా నెత్తురు కలిసిన జిగురు వస్తుంది. చూసి "ఎదకొచ్చింది" అని సూది వేయిస్తారు కొందరు. "నెత్తురు పడింది, కట్టలేదు" అంటారు ఇంకొందరు. రెండూ తప్పే. ఆ నెత్తురు ఎద దాటిపోయిందని మాత్రమే చెప్తుంది, కట్టిందో లేదో చెప్పదు. ఎద చూడకపోయి ఉంటే ఆ తేదీ రాసుకుని 16వ రోజు నుంచి గట్టిగా కాపు కాయండి.

## 5. ఏ పూట వేయించాలి

లెక్క సులువే:

- పొద్దున ఎద కనిపిస్తే ఆ సాయంత్రం
- సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున
- మర్నాటికి కూడా ఎద అలాగే ఉంటే, మొదటి సూదికి 12 నుంచి 24 గంటల లోపు రెండోది

మా పక్కింటి పిన్ని ఒకసారి పొద్దున పదింటికి పిలిచింది. "రాత్రంతా అరిచిందిరా, నిద్ర లేదు మాకు. ఇప్పుడు చల్లబడింది. సాయంత్రం సూది వేయిద్దామా?" నేను వద్దు, ఇప్పుడే పిలిపిద్దాం పిన్నీ అన్నాను. రాత్రి నుంచి ఉందంటే అప్పటికే పన్నెండు గంటలు గడిచాయి. సాయంత్రం దాకా ఆగితే వీర్యకణాలు వెళ్లేసరికి అండం పాతబడిపోవచ్చు. వీర్యకణాలు లోపలికి వెళ్లాక అండంతో కలిసే శక్తి రావడానికి అయిదారు గంటలు పడుతుంది. కాబట్టి అండం విడుదల కాకముందే అవి అక్కడ సిద్ధంగా ఉండాలి.

అంటే మీరు చూసిన గంట కాదు, మొదలైన గంట ముఖ్యం. "నిన్న రాత్రి తొమ్మిదింటికి చూశాను, ఏమీ లేదు" అని చెప్పగలిగితే పొద్దున అయిదింటి ఎద కొత్తదని తెలుస్తుంది. మూడు పూటలా చూడమనేది ఇందుకే.

## 6. సూది వేసేటప్పుడు మీ కళ్ల ముందు జరగాల్సినవి

గోపాలమిత్ర (ఊళ్లలో సూది వేసే కార్యకర్త) వచ్చినా, పశువైద్యశాలకు తోలుకెళ్లినా పక్కనే నిలబడండి. చూసుకోవడం మీ హక్కు. అడిగితే మంచి పనివాడెవరూ నొచ్చుకోడు.

1. ముందు చూడి పరీక్ష. చూడి పశువుల్లో కొన్ని మధ్యలో ఎద లక్షణాలు చూపిస్తాయి. పరీక్షించకుండా వీర్యం ఎక్కించే గొట్టం లోపలికి పోతే ఈసుకుపోతుంది.
2. జిగురు తేటగా ఉందా? తెల్లగా, పాలవిరుగుడులా, చీము నలుసులతో ఉంటే ఆ రోజు వీర్యం వద్దు. గర్భాశయానికి వైద్యం చేయించి తర్వాతి ఎదకు చూడాలి.
3. స్ట్రాను మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజని క్యాన్‌లోంచి పట్టకారుతో తీసి, వెంటనే 37 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో 30 సెకన్లు ఉంచాలి. నీటి వేడి థర్మామీటరుతో చూడాలి. చేత్తో రుద్దడం, జేబులో పెట్టుకోవడం, బోరు నీళ్లలో ముంచడం పనికిరావు.
4. బయటికి తీశాక తడి తుడవాలి. నీటి చుక్క వీర్యానికి తగిలినా కణాలు చనిపోతాయి.
5. స్ట్రా మీది నంబరు, జాతి చదివి పుస్తకంలో రాయాలి. పెయ్యకు దాని తండ్రి నంబరే పడకూడదు. దగ్గర చుట్టరికపు సంపర్కంతో బలహీనమైన దూడలు పుడతాయి.
6. మానం శుభ్రం చేసి పొడిగా తుడవాలి. వీర్యం ఎక్కించే గొట్టం మీద కొత్త తొడుగు ఉండాలి.
7. గర్భాశయ ముఖద్వారం దాటగానే, గర్భాశయం మొదట్లో నెమ్మదిగా వదలాలి. ఇంత లోపలికి చేరకుండానే వదిలేస్తే ఎంత మంచి వీర్యమైనా వృథా.

ఒకసారి వేసవిలో మా ఊరికొచ్చిన కుర్రాడు స్ట్రాను క్యాన్‌లోంచి తీసి మా గేటు దగ్గరి నుంచి కొట్టం దాకా చేత్తో పట్టుకుని నడిచొచ్చాడు. నేను చూస్తూ ఊరుకున్నాను. ఆ సూది నిలవలేదు. దానికి కారణం అదేనని గట్టిగా చెప్పలేను గానీ, ఆ తర్వాత ఏ స్ట్రా అయినా కొట్టం గడపలోనే తీయిస్తున్నాను.

పశువును బెదరగొట్టకండి, కొట్టకండి. ఎండలో మైళ్లు నడిపించి వెంటనే వేయించకండి. అరగంట నీడలో ఉంచండి, ముందూ వెనకా.

కొందరు సూది తర్వాత రాత్రంతా పడుకోనివ్వరు, మేత, నీళ్లు పెట్టరు. అవసరం లేదు. వీర్యం గర్భాశయంలో సరిగ్గా పడితే పడుకున్నంత మాత్రాన బయటికి రాదు. పస్తు పెడితే పశువు నీరసపడుతుంది, అంతే.

ఆడ దూడలే కావాలనుకునేవాళ్లకు లింగ నిర్ధారణ వీర్యం దొరుకుతోంది. సుమారు 90 శాతం పెయ్యలే పుడతాయి. కట్టే శాతం మామూలు వీర్యం కంటే కొంత తక్కువ కాబట్టి ఆరోగ్యంగా, క్రమంగా ఎదకొచ్చే పెయ్యలకు, తొలి రెండు ఈతల ఆవులకు వాడండి. తిరగపొర్లే (సూది వేసినా కట్టక మళ్లీ మళ్లీ ఎదకొచ్చే) పశువు మీద ఆ ఖర్చు పెట్టకండి.

## 7. సూది తర్వాత

18వ రోజు నుంచి 24వ రోజు దాకా మళ్లీ మూడు పూటలా కాపు. ఎదకొస్తే కట్టలేదన్నమాట.

రాకపోతే కట్టిందని పండగ చేసుకోకండి. మూగ ఎద అయి ఉండొచ్చు. 60 నుంచి 90 రోజుల మధ్య పశువైద్యుడితో చేయి పెట్టించి చూడి పరీక్ష చేయించండి. స్కానింగ్ ఉన్నచోట నెల దాటాక కూడా తెలుస్తుంది. వట్టిది అని తెలియడం కూడా లాభమే, మరుసటి ఎదకే పని మొదలుపెట్టొచ్చు. పొదుగు దిగితే చూద్దాంలే అని ఆరు నెలలు ఆగి వట్టిదని తెలుసుకున్న ఇళ్లు నేను చాలా చూశాను.

## 8. కట్టకపోతే, ఎదకే రాకపోతే

తిరగపొర్లితే. క్రమం తప్పకుండా ఎదకొస్తూ మూడు సూదులకీ కట్టకపోతే, నాలుగోది వేయించే ముందు ఆగండి. ఈ వరుసలో చూడండి:

- పుస్తకంలో ఎద గంటకూ, సూది గంటకూ తేడా ఎంత?
- జిగురులో మలినం ఉందా? వైద్యుడితో పరీక్ష చేయించారా?
- పశువు దూరం నుంచి పక్కటెముకలు లెక్కపెట్టేంత చిక్కిందా?
- రోజూ 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం నిజంగా దాని కడుపులోకి వెళ్తోందా? (బస్తా అటక మీద ఉంటే లాభం లేదు.)
- ఎద ఒక రోజుకు మించి సాగుతోందా? అండం ఆలస్యంగా విడుదలవుతూ ఉండొచ్చు. రెండు పూటల సూది, వైద్యుడు సూచిస్తే హార్మోన్ ఇంజెక్షన్ పనిచేస్తాయి.

ఎదకే రాకపోతే. ఈనిన 75 రోజులు దాటినా ఎద లేదంటే మొదటి పరీక్ష చూడిదే. ఆంబోతు తిరిగే ఊళ్లలో మీకు తెలియకుండానే కట్టి ఉండొచ్చు. తర్వాత గర్భాశయంలో చీము. చీము ఉంటే అండాశయం మీది గడ్డ కరగదు, ఎద రాదు. రెండూ లేకపోతే మేపు వైపు చూడాలి. వరిగడ్డి ఒక్కదాని మీదే బతికే పశువుకు భాస్వరం అందదు. పచ్చిమేత, దాణా, నట్టల మందు, ఖనిజ లవణం ఇచ్చి నెల రోజులు ఓపిక పట్టండి. ఆ బలం రాకముందే హార్మోన్ల వెంట పడితే డబ్బు పోవడమే ఎక్కువ.

ఎద తెప్పించే ఇంజెక్షన్ మందుల షాపులో కొని సొంతంగా వేయకండి. చూడి పశువుకు పడితే ఈసుకుపోతుంది, వేసే ఆడవాళ్లకు చర్మం ద్వారా పాకినా ప్రమాదం, గర్భిణులు ఆ సీసా ముట్టుకోకూడదు.

ఈసుకుపోతే. ముఖ్యంగా ఆరు నెలలు దాటాక ఈసుకుపోతే బ్రూసెల్లా అనే అంటువ్యాధిని అనుమానించాలి. ఇది మనుషులకూ అంటుకుంటుంది. పిండాన్ని, మాయను ఒట్టి చేతులతో తాకకండి. లోతుగా గుంట తీసి సున్నం చల్లి పూడ్చండి, కుక్కల్ని దగ్గరికి రానివ్వకండి, పాలు కాచకుండా తాగకండి, రక్త పరీక్ష చేయించండి. దీనికి టీకా ఉంది. ఆడదూడకు 4 నుంచి 8 నెలల వయసులో, జీవితంలో ఒక్కసారే వేస్తారు. ఆ వయసు దాటనివ్వకండి.

## 9. వట్టిపోనివ్వడం

ఈనే తేదీకి 60 రోజుల ముందు పాలు ఆపేయాలి. రోజుకు రెండు లీటర్లు వస్తున్నాయి కదా అని పిండుతూ పోతే వచ్చే ఈత పాలే తగ్గుతాయి. దాణా తగ్గించి, రెండు పూటల నుంచి ఒక పూటకు తెచ్చి ఆపండి. చివరి పిండు తర్వాత ప్రతి చనులో వైద్యుడు చెప్పిన వట్టికాలపు ట్యూబు ఎక్కించండి.

చివరి నెలల్లో కడుపులో దూడ వేగంగా పెరుగుతుంది. పాలు ఆపామని మేత కూడా ఆపేయొద్దు. పచ్చిమేతతో పాటు రోజుకు కిలో నుంచి కిలోన్నర దాణా ఇవ్వండి. జారుడు గచ్చు మీద, గుంపులో కుమ్మే పశువుల మధ్య కట్టకండి.

## 10. ఈత రోజు

పొదుగు నిండి చనులు బిగుస్తాయి. తోకకు రెండు పక్కలా కట్లు వదిలి గుంటలు పడతాయి. మానం సాగుతుంది. ఒంటరిగా ఉండాలని చూస్తుంది. పొడి గడ్డి పరిచిన చోట పలుపు వదులు చేసి కట్టండి.

నీటి సంచి కనిపించాక గంట, రెండు గంటల్లో దూడ రావాలి. మొదట రెండు ముందుకాళ్ల గిట్టలు, వాటి మీద ముట్టె కనిపిస్తే సరైన వరుస. అప్పుడు చేయి పెట్టకండి, లాగకండి.

వెంటనే పశువైద్యుణ్ని పిలవాల్సినవి:

- నీటి సంచి పగిలి రెండు గంటలైనా దూడ రాకపోవడం
- ఒక్క కాలే రావడం, తల లేకుండా కాళ్లు రావడం, తోక ముందు కనిపించడం
- నొప్పులు మొదలై ఆగిపోవడం
- ఈనాక లేవలేకపోవడం, చెవులు చల్లబడటం, మెడ పక్కకు తిప్పి పడుకోవడం. ఇది పాల జ్వరం, పేరులో జ్వరమున్నా ఒళ్లు చల్లబడుతుంది. కాల్షియం సెలైన్ గంటల్లో పడాలి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. ఆ నంబరు కొట్టం గోడ మీద రాసిపెట్టుకోండి.

దూడ పడగానే ముక్కు, నోరు తుడవండి. బొడ్డు టింక్చర్ అయోడిన్‌లో ముంచండి. గంటలోపు ముర్రుపాలు తాగించండి, మొదటి రోజు మొత్తం మీద దూడ బరువులో పదో వంతు. "మాయ పడ్డాకే పాలు పిండాలి" అని ఆగకండి. ముర్రుపాలు ఎంత ఆలస్యమైతే దూడకు రక్షణ అంత తగ్గుతుంది. దూడ చీకితే మాయ పడటానికి కూడా సాయమే.

మాయ మామూలుగా 8 నుంచి 12 గంటల్లో పడుతుంది. పడకపోతే లాగకండి. వేలాడే మాయకు చెప్పో రాయో కట్టే అలవాటు ఇంకా ఉంది, దానివల్ల మాయ తెగి ముక్క లోపలే కుళ్లిపోతుంది. వచ్చే చూడి ఆలస్యం కావడానికి బీజం అక్కడే పడుతుంది. 12 గంటలు దాటితే వైద్యుణ్ని పిలవండి.

## 11. ఈనిన తర్వాత రెండు నెలలు

గర్భాశయం మామూలు సైజుకు రావడానికి 40, 45 రోజులు పడుతుంది. మొదటి పది, పదిహేను రోజులు ఎర్రగా, గోధుమ రంగులో మైల పోవడం సహజమే. దుర్వాసన, చీము, జ్వరం ఉంటే సహజం కాదు.

ఈ రోజుల్లో పాలు పెరిగినంత వేగంగా మేత తినే శక్తి పెరగదు. ఒంట్లో కొవ్వు కరుగుతుంది. బాగా చిక్కితే ఎద వెనక్కి పోతుంది. ఆవుకు ఒంటి పోషణకు కిలో, కిలోన్నర దాణా, దాని పైన ప్రతి రెండున్నర లీటర్ల పాలకు ఒక కిలో, గేదెకైతే రెండు లీటర్లకు ఒక కిలో ఇవ్వండి. ఒకేసారి పెంచకుండా రెండు వారాల్లో ఎక్కించండి.

పుస్తకంలో ఈ తేదీలు ఈనిన రోజే రాసుకోండి:

- 12 గంటలు: మాయ పడిందా
- 15వ రోజు: మైల ఆగిందా, వాసన ఉందా
- 30వ రోజు నుంచి: మూడు పూటలా ఎద చూపు మొదలు (సూది వద్దు, రాయడం మాత్రమే)
- 45వ రోజు: గర్భాశయం పరీక్ష
- 60వ రోజు తర్వాత వచ్చే మొదటి తేట జిగురు ఎద: సూది
- 75వ రోజు: ఎద కనపడకపోతే పరీక్ష